వేరే గ్రహం మీద శబ్దం రికార్డు చేయాలంటే

మైకు భుజాన వేసుకుని బయట తిరుగుతూ శబ్దాలు రికార్డు చేయడం నా వృత్తి. 2021లో పర్సివరెన్స్ రోవర్ అంగారకుడి మీద దిగి, జెజెరో బిలం నుంచి శబ్దాలు పంపడం మొదలుపెట్టాక ఆ ఫైళ్లు దించుకుని వినడం నాకు అలవాటైపోయింది. ఈ సంగతి తెలిసి, పేలోడ్ (నౌకలో వేరే గ్రహానికి పంపే పరికరం) తయారుచేసే విద్యార్థులు వచ్చి అడుగుతుంటారు: "మైకు కూడా పెడదామనుకుంటున్నాం, ఏ మైకు మంచిదండీ?" మైకు సంగతి తరవాత చూద్దాం, ముందు ఏ శబ్దం కోసం వెళ్తున్నారో చెప్పమంటాను.

"అక్కడ ఎలా ఉంటుందో విందామని" అంటారు చాలామంది. ఆ ఆశ నాకూ ఉంది, దాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. కాకపోతే దాని మీద ఆధారపడి పరికరం కట్టలేం. గాలి గుణం సరిగ్గా తెలియదు, శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, ఎప్పుడు బయలుదేరిందో తెలియదు. అలాంటప్పుడు ఫైలు ఎన్నిసార్లు విన్నా లెక్క కట్టడానికి పట్టు దొరకదు. అందుకే నా మొదటి సలహా, అసలు సలహా కూడా ఇదే: ఏ క్షణాన పుట్టిందో, ఎంత దూరంలో పుట్టిందో కచ్చితంగా తెలిసిన శబ్దం ఒక్కటైనా మీ పథకంలో ఉండాలి. అలాంటి శబ్దం అక్కడ మీకోసం కాచుకుని ఉండదు కాబట్టి మీరే చేయాలి.

రాయి మీద లేజర్ దెబ్బ

దీనికి నేను చూపించే ఉదాహరణ పర్సివరెన్స్ మీదున్న సూపర్‌క్యామ్ అనే పరికరం. రోవర్ స్తంభం పైన, నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున లేజరూ మైకూ పక్కపక్కనే ఉంటాయి. లేజర్ కొన్ని మీటర్ల దూరంలోని రాయిని కొడుతుంది. తగిలిన చోట రాయి ఆవిరై, ప్లాస్మాగా మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చుట్టూ ఉన్న గాలి అదిరి "టిక్" మంటుంది. మొదటిసారి 2021 మార్చి 2న రికార్డు చేసిన ఆ టిక్కులు 3.1 మీటర్ల దూరంలో ఉన్న మాజ్ అనే రాయివి. హెడ్‌ఫోన్స్‌లో వింటే పొడిగా, చిన్నగా, ఒకే వరసలో ఉంటాయి. మొదటిసారి వినేవాళ్లు ఇంతేనా అంటారు. ఆ "ఇంతే"లో ఎంత ఉందో లెక్క వేసి చూద్దాం.

లేజర్ కాంతి రాయిని చేరడానికి పట్టే కాలం లెక్కలోకి రాదు. కాబట్టి లేజర్ పేలిన క్షణమే శబ్దం పుట్టిన క్షణం. అక్కడి గాలిలో ఇలాంటి టిక్కు సెకనుకు సుమారు 250 మీటర్లు పోతుంది. 3.1 మీటర్లు దాటి మైకును చేరడానికి 12.4 మిల్లీసెకన్లు పడుతుంది. శబ్దాన్ని సెకనుకు లక్ష సార్లు కొలిచే (ఒక్కో కొలతను శాంపిల్ అంటారు) రికార్డింగులో అది 1,240 శాంపిళ్ల దూరం. ఇప్పుడు గాలి ఒక్క డిగ్రీ వేడెక్కిందనుకోండి. శబ్ద వేగం ఉష్ణోగ్రత వర్గమూలంతో పాటు మారుతుంది. మైనస్ 33 సెల్సియస్, అంటే 240 కెల్విన్ దగ్గర ఒక్క డిగ్రీకి వేగం సెకనుకు అర మీటరు పెరుగుతుంది. టిక్కు 26 మైక్రోసెకన్లు ముందు వస్తుంది. లక్ష శాంపిళ్ల రికార్డింగులో ఇది రెండు మూడు శాంపిళ్ల తేడా, కంటికి కనిపిస్తుంది. సెకనుకు 25 వేల శాంపిళ్లే తీస్తే ఒక్కో శాంపిల్ 40 మైక్రోసెకన్లు, ఆ డిగ్రీ తేడా ఒక్క శాంపిల్ సందులోనే ఇరుక్కుపోతుంది.

శాంప్లింగ్ రేటు ఎంత పెట్టాలని అడిగేవాళ్లకు నేను ఈ లెక్కే చేయిస్తాను. ఆ మైకు పట్టేది 10 కిలోహెర్ట్జ్ వరకే, వినడానికైతే 25 వేలు సరిపోతుంది. సమయం కొలవడానికి లక్ష కావాలి. సూపర్‌క్యామ్‌లో రెండు రేట్లూ ఉన్నాయి.

ఇందులో ఒక చిక్కుంది. రాయి నుంచి మైకు వైపు సెకనుకు 5 మీటర్ల గాలి వీచిందంటే టిక్కు సుమారు 250 మైక్రోసెకన్లు ముందే వచ్చేస్తుంది, మీరు దాన్ని పది డిగ్రీల వేడిగా పొరబడే ప్రమాదం ఉంది. అందుకని ఒక్క దెబ్బతో తృప్తి పడకండి. సూపర్‌క్యామ్ లేజర్ సెకనుకు మూడు చొప్పున వరసగా కొడుతుంది, సాధారణంగా ముప్పై దెబ్బలు. గాలివేగం కొలిచే పరికరం కూడా దగ్గర్లో ఉండాలి. ఈ వరస దెబ్బల నుంచి వచ్చే ఇంకో లాభం నాకు మరీ ఇష్టం. గుంట లోతవుతున్న కొద్దీ టిక్కు బలం తగ్గుతుంది, ఎంత త్వరగా తగ్గిందన్నది రాయి గట్టిదో మెత్తదో చెబుతుంది. రోవర్ ఉన్నచోటి నుంచి కదలకుండా, రాయిని ముట్టుకోకుండా తేల్చుకునే విషయం ఇది.

మీ పేలోడ్‌లో లేజర్ ఉండకపోవచ్చు. కరెంటుతో కొట్టే చిన్న సోలినాయిడ్ సుత్తి, బజర్, తవ్వే డ్రిల్లు, ఏదైనా సరే. సెకనులో లక్షో వంతు కచ్చితత్వంతో దాని ఆరంభ సమయం నమోదు కావాలి. రికార్డర్‌కూ ఆ సుత్తికీ ఒకే గడియారం ఉండాలి. వేర్వేరు గడియారాలు పెట్టి తరవాత సరిపెడతామంటే నేను ఒప్పుకోను. శనిగ్రహపు చంద్రుడు టైటన్ మీద 2005 జనవరి 14న దిగిన హ్యూగెన్స్ నౌక ఇదే పని ఇంకా చిన్నగా చేసింది. ఎదురెదురుగా పెట్టిన రెండు చిన్న సెన్సర్లు ఒకదానికొకటి శబ్దం పంపుకుని, దిగే దారిలోనే శబ్ద వేగం కొలిచాయి.

అక్కడి గాలిని లెక్కలోకి తీసుకోండి

అంగారకుడి మీద గాలి పీడనం సుమారు 6 మిల్లీబార్లు, భూమి మీద ఉన్నదాంట్లో నూరో వంతు కూడా కాదు. అందులో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. అదే శక్తితో అదే శబ్దం చేసినా అక్కడ దాదాపు 20 డెసిబెల్స్ తగ్గి వినిపిస్తుంది. అది ఒక నష్టం. పై శ్రుతుల్ని కార్బన్ డయాక్సైడ్ మింగేయడం రెండో నష్టం, నా దృష్టిలో ఇదే పెద్దది. భూమి మీద సుమారు 65 మీటర్ల తరవాత మసకబారే మామూలు శబ్దం అక్కడ 8 మీటర్లకే సన్నగిల్లుతుందనీ, అందులోని పై శ్రుతులు అక్కడికి అసలే చేరవనీ నాసా చెబుతోంది.

దీన్నుంచి తేలే నియమం తేలికే. పై శ్రుతుల్లో సమాచారం కావాలంటే శబ్దం నాలుగైదు మీటర్ల లోపు ఉండాలి. దూరం నుంచి కావాలంటే వందో రెండు వందలో హెర్ట్జ్‌కి కిందనే వెతకాలి. రోవర్‌తో పాటు వెళ్లిన ఇంజెన్యూటీ హెలికాప్టర్ నాలుగోసారి ఎగిరినప్పుడు, 2021 ఏప్రిల్ 30న, మైకు దానికి 80 మీటర్ల దూరంలో ఉంది. వినిపిస్తుందన్న ఆశ పరిశోధకులకు పెద్దగా లేదు. వినిపించింది. రెక్కలు నిమిషానికి 2,500 పైచిలుకు చుట్లు తిరిగాయి. ఒక్కో జతలో రెండు రెక్కలు కాబట్టి సెకనుకు 84 కోతలు, అంటే 84 హెర్ట్జ్. అంత కింద ఉంది కాబట్టే అంత దూరం దాటింది. వింటే సన్నని ఝుంకారం, గాలి హోరు కింద వస్తూ పోతూ ఉంటుంది. నేను దాన్ని పట్టుకోవడానికి 80 నుంచి 90 హెర్ట్జ్ మధ్య ఉంచి మిగతాదంతా ఫిల్టర్‌తో కోసేస్తాను.

అంగారకుడి మీద శబ్దానికి రెండు వేగాలున్నాయన్నది కూడా మీ లెక్కలో ఉండాలి. సుమారు 240 హెర్ట్జ్‌కి కింద సెకనుకు 240 మీటర్లు, పైన 250. 2022లో అచ్చయిన కొలత ఇది. అంత పల్చటి కార్బన్ డయాక్సైడ్‌లో అణువులు ఒకదాన్నొకటి ఢీకొనడం తక్కువ. తమ కంపనాల్లో దాచుకున్న శక్తిని తిరిగి ఇచ్చేసే వ్యవధి వాటికి వేగంగా ఊగే తరంగంలో చిక్కదు. ఆ శక్తి లెక్కలోంచి తప్పుకోవడంతో పై శ్రుతి కాస్త ముందు వచ్చేస్తుంది. దూరం నుంచి వచ్చిన శబ్దానికి సమయం కట్టేటప్పుడు ఏ శ్రుతికి ఏ వేగం వాడారో రాసుకోకపోతే మీ ఫలితం నాలుగు శాతం అటూ ఇటూ అయిపోతుంది.

పీడనం ఏడాదంతా ఒకేలా ఉండదు. చలికాలంలో కార్బన్ డయాక్సైడ్ ధ్రువాల దగ్గర గడ్డకట్టి, మొత్తం పీడనం దాదాపు నాలుగో వంతు వరకు మారుతుంది. అంటే గ్రహమే కొన్నాళ్లు గట్టిగా, కొన్నాళ్లు మెల్లగా వినిపిస్తుంది. ఒకే గైన్ (మైకు సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలన్న అమరిక) పెట్టి వదిలేయకండి, కనీసం రెండు మూడు మెట్లుండాలి.

శుక్రుడి మీద సమస్య తిరగబడుతుంది. భూమి మీద ఉన్నదానికి 90 రెట్ల పీడనం, 460 డిగ్రీల వేడి. అంత చిక్కటి గాలిలో శబ్దం బలంగానే ఉంటుంది, బతకాల్సింది పరికరం. 1982 మార్చి 1న దిగిన సోవియట్ వెనెరా 13 పనిచేసింది 127 నిమిషాలు, నాలుగు రోజుల తరవాత దిగిన వెనెరా 14 పనిచేసింది 57 నిమిషాలు. వాటిలోని గ్రోజా-2 పరికరపు మైకులు పట్టిన హోరు నుంచి లియొనిద్ క్సాన్‌ఫొమాలితి బృందం నేల దగ్గర గాలివేగం సెకనుకు 0.3 నుంచి 0.5 మీటర్లని లెక్కగట్టింది. కెమెరా మూతలు ఊడిపడటం, డ్రిల్లు నేలను తొలవడం కూడా ఆ రికార్డింగుల్లో ఉన్నాయి. అవి ఏ సమయంలో జరగాలో ముందే తెలుసు కాబట్టే, వినిపించింది ఫలానాదని చెప్పగలిగారు.

మైకును ఇక్కడే పరీక్షించండి

ఎలక్ట్రెట్ క్యాప్సూల్‌తో, అంటే విద్యుదావేశాన్ని తనలోనే దాచుకున్న చిన్న మైకు బిళ్లతో మొదలుపెట్టండి. తేలిక, కరెంటు తక్కువ తింటుంది, బయటి నుంచి పెద్ద వోల్టేజీ అక్కర్లేదు. సూపర్‌క్యామ్‌లో ఉన్నదీ ఎలక్ట్రెట్టే. క్యాప్సూల్ వెనక గాలి రంధ్రం ఉందో లేదో భూతద్దంతో చూడండి. రంధ్రం లేకపోతే బయట గాలి పోగానే లోపలి పీడనానికి పొర ఉబ్బి చినిగిపోతుంది. రంధ్రం మరీ పెద్దదైతే కింది శ్రుతులు పోతాయి.

ఇక పరీక్ష. వ్యాక్యూమ్ కోసమే (గాలి తోడేయడానికే) చేసిన, మందపాటి గోడలున్న గది లాంటి పెట్టె ఉండాలి, మామూలు సీసాతో ఈ పని చేయకండి, లోపలికి పేలుతుంది. క్యాప్సూల్‌ను రెండు సన్నని రబ్బరు బ్యాండ్లతో ఆ పెట్టె మధ్యలో వేలాడదీయండి. బజర్‌ను విడిగా, వేరే బ్యాండ్లకు. వైర్లు వీలైనంత సన్నవి, బిగుతు లేకుండా వదులుగా ఉండాలి. గాలి తోడేసి కార్బన్ డయాక్సైడ్ నింపండి, మళ్లీ తోడి మళ్లీ నింపండి, మిగిలిన మామూలు గాలి పోతుంది. తరవాత వెయ్యి మిల్లీబార్ల దగ్గర, వంద దగ్గర, ఇరవై దగ్గర, చివరికి ఆరు దగ్గర ఆగి రికార్డు చేయండి. ప్రతిసారీ వాల్వు మూసి, పంపు ఆపేశాకే.

పీడనం దిగుతుంటే బజర్ గొంతు మారడం మీరే గమనిస్తారు. ముందు పైనున్న కరకర పోతుంది, తరవాత మొత్తం దూరం జరిగినట్టవుతుంది. ఆరు దగ్గర ఆగకండి, అసలు కీలకం ఆ తరవాతే. పంపు లాగగలిగినంత లాగేయండి. అప్పుడు కూడా వినిపిస్తున్నది గాలిలోంచి వచ్చిన శబ్దం కాదు, రబ్బరు వెంబడీ వైరు వెంబడీ పాకి వచ్చిన కంపనం. దాన్ని విడిగా దాచుకోండి. ఆరు మిల్లీబార్ల రికార్డింగు దీనికంటే స్పష్టంగా బలంగా లేకపోతే మీ వేలాడదీత సరిగ్గా లేదన్నమాట, అన్నీ విప్పి మళ్లీ కట్టాలి. ఇక్కడ ఓపిక పట్టినవాళ్లే ముందుకు వెళ్లగలిగారు, నేను చూసినంతలో.

ఇంకో మార్పు కూడా ఈ పరీక్షలో బయటపడుతుంది. మైకు పొర వెనకున్న గాలి దాని ఊపును అదుపులో పెడుతుంది. ఆ గాలి పల్చబడితే పొర తన సొంత శ్రుతి దగ్గర అతిగా మోగుతుంది. భూమి మీద కంపెనీ ఇచ్చిన గ్రాఫ్ అక్కడ చెల్లదు. ఆరు మిల్లీబార్ల దగ్గర మీ గ్రాఫ్ మీరే గీసుకోండి. చలికి పొడి మంచు వాడితే మైనస్ 78 వరకు దించొచ్చు. మందపాటి చేతి తొడుగులు వేసుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి, మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ ప్రాణం తీస్తుంది. సూపర్‌క్యామ్ మైకును డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో, అంగారకుడి గాలిని సృష్టించే సొరంగంలో పరీక్షించారు.

బిగించే చోటు

అక్కడ అన్నింటికంటే పెద్ద చప్పుడు మీ యంత్రానిదే. రోవర్ ఒంటికి బిగించిన ఇంకో మైకు 2021 మార్చి 7న ప్రయాణాన్ని రికార్డు చేసింది. లోహపు చక్రాలు రాళ్ల మీద కిర్రుమనడం, కటకటమనడం, వాటి మీదుగా గీరుతున్నట్టు ఒక పదునైన చప్పుడు. ఆ చివరిదానికి కారణం విద్యుత్ జోక్యమా, చక్రాల యంత్రాంగమా అని ఇంజినీర్లు వెతకాల్సి వచ్చింది. మీకు ఆ తిప్పలు తగ్గాలంటే ఎగరేయక ముందే ప్రతి మోటారూ, ప్రతి పంపూ, ప్రతి హీటరూ ఒక్కొక్కటిగా ఆన్ చేసి మైకులో రికార్డు చేసి పెట్టుకోండి. మైకును స్తంభం మీద, మోటార్లకు దూరంగా బిగించండి. మైకు వైరు మోటారు వైరుకు ఆనుకుని పోకూడదు. ఈ జాబితా వల్ల ఇంకో ఉపయోగం ఉంది. ఆక్సిజన్ తయారుచేసే మాక్సీ పరికరపు కంప్రెసర్ సద్దును సూపర్‌క్యామ్ మైకు స్పష్టంగా పట్టింది. యంత్రం గొంతు ఎప్పుడు మారిందో తెలిస్తే దాని ఆరోగ్యం తెలుస్తుంది.

గాలి హోరు విషయంలో మాత్రం నా వృత్తి అలవాటును పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ నేను మైకుకు బొచ్చు తొడిగి గాలిని అణుస్తాను. అక్కడ బొచ్చు పనికిరాదు, పోగులు రాలుతాయి, ఆవిర్లు వదులుతుంది, దుమ్ము పట్టేస్తుంది. దుమ్ము ఆపడానికి సన్నని లోహపు జాలీ చాలు. పైగా ఆ హోరే మీకు కావాల్సిన సమాచారం. కింది శ్రుతుల్లో హోరు బలం గాలివేగంతో పాటు పెరుగుతుంది. మామూలు గాలిమీటరు సెకనుకు ఒకటో రెండో లెక్కలు ఇస్తే, మైకు అదే సెకనులో వేల మార్పులు చూపిస్తుంది.

ఎప్పుడు నొక్కాలి

అస్తమానం రికార్డు చేయడానికి మెమరీలో చోటూ ఉండదు, భూమికి పంపే దారీ ఉండదు. సూపర్‌క్యామ్ ఒక విడతలో ఎక్కువలో ఎక్కువ 167 సెకన్లు రికార్డు చేస్తుంది. సెకనుకు 25 వేల చొప్పున అది దాదాపు 42 లక్షల శాంపిళ్లు. ఆ కాస్త సమయాన్ని ఎక్కడ పెడతారన్నది మీ తెలివి. నా ఓటు మధ్యాహ్నానికి. నేల వేడెక్కి గాలి తిరగబడే వేళ అది, దుమ్ము సుడులు లేచేదీ అప్పుడే. సాయంత్రం ఒక విడత, తెల్లవారుజామున ఒక విడత పోల్చడానికి ఉంచుకోండి.

2021 సెప్టెంబరు 27న మైకు ఆన్‌లో ఉండగా దుమ్ము సుడి ఒకటి సరిగ్గా రోవర్ మీదుగా పోయింది. సుమారు 25 మీటర్ల వెడల్పు, 118 మీటర్ల ఎత్తు. రికార్డింగులో హోరు ఒక్కసారి లేస్తుంది, సుడి మధ్య భాగం పైకి రాగానే తగ్గుతుంది, వెనక గోడ తాకగానే మళ్లీ లేస్తుంది. ఆ హోరు లోపల చిటపట చప్పుళ్లున్నాయి, రోవర్‌కు తగిలిన ఇసుక రేణువులవి. పరిశోధకులు 308 దెబ్బలు లెక్కపెట్టారు. అంగారకుడి సుడిలో ఎన్ని రేణువులు ఎగురుతాయన్న దానికి అలా ఒక్కొక్కటిగా లెక్క దొరకడం అదే మొదలు. పీడనం, గాలి, కెమెరా అన్నీ అదే నిమిషంలో నడుస్తున్నాయి కాబట్టే అది సుడి అని తేలింది. మైకును ఒంటరిగా ఆన్ చేయకండి.

ఫైలు చేతికొచ్చాక

ముందు స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణాన ఏ శ్రుతి ఎంత బలంగా ఉందో చూపించే పటం) చూడండి, తరవాతే వినండి. చెవి తనకు తెలిసిన శబ్దాల కోసం వెతుక్కుంటుంది. కదలని అడ్డగీతలు మీ యంత్రానివి, ఎగరేసే ముందు చేసిన జాబితాతో పోల్చి ఒక్కొక్కటి గుర్తుపెట్టండి. నిలువు గీతలు దెబ్బలు. కింద పొగలా కమ్మేది గాలి. శబ్దం పెంచుకోవచ్చు, అవసరమైన చోట ఫిల్టర్ పెట్టుకోవచ్చు. అసలు ఫైలును మాత్రం ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

ఎవరికైనా వినిపించేటప్పుడు ఏం చేశారో తప్పనిసరిగా రాయండి. ఈ విషయంలో నేను రాజీపడను. అంగారకుడి మీద దిగిన ఇన్‌సైట్ ల్యాండర్ 2018 డిసెంబరు 1న పట్టిన గాలిని జనం విన్నారు. అది మైకు పట్టింది కాదు, భూకంపమాపకం, పీడన సెన్సర్ పట్టిన కంపనం. మొదటిదాని శ్రుతిని రెండు స్థాయిలు (ఆక్టేవులు) పైకి లేపారు, రెండోదాన్ని వంద రెట్లు వేగంగా తిప్పారు. నాసా ఆ సంగతి స్పష్టంగా చెప్పింది. హ్యూగెన్స్ దిగేటప్పటి హోరు డేటా నుంచి ప్రయోగశాలలో తిరిగి కట్టింది, అదీ చెప్పారు. గ్రహాల శబ్దాలంటూ చేతులు మారే వాటిలో చాలా భాగం రేడియో తరంగాలనో ప్లాస్మా తరంగాలనో వినే శ్రుతిలోకి దించినవి. అవీ విలువైనవే, కానీ గాలిలో పుట్టిన శబ్దం కాదు. విన్నవాళ్లకు ఆ తేడా తెలియాలి.

కాబట్టి ప్రతి ఫైలు పక్కన ఈ వివరాలు ఉంచండి: తేదీ, అక్కడి స్థానిక సమయం, శాంప్లింగ్ రేటు, గైన్ మెట్టు, ఆ నిమిషంలోని పీడనం, ఉష్ణోగ్రత, గాలివేగం, అప్పుడు నడుస్తున్న యంత్రాలు, మీరు చేసిన శబ్దం ఏ మైక్రోసెకనులో మొదలైందో, మైకు నుంచి ఎంత దూరంలోనో. వేగం మార్చారా, శ్రుతి పెంచారా, ఎక్కడ కోశారు, ఎంత పెంచారు అన్నది వేరే వరసలో రాయండి. పదేళ్ల తరవాత ఇంకెవరో మీ టిక్కు తీసుకుని కొత్త లెక్క వేయాలంటే వాళ్లకు కావాల్సినవి ఇవే.